గరివిడి నేర్పిన వరసలు

గరివిడిలో మా పక్క క్వార్టర్‌లో ఒక ఒరియా కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని నేను ‘మావుసీ’ అని పిలిచేవాణ్ణి. వాళ్ళ భాషలో పిన్నిని అలా అంటారు. ఆవిడ మా అమ్మని ‘అప్పా’ అనేది. మా ఉత్తరాంధ్రలో అక్కని అలా పిలుస్తాం. ఆవిడ వరస మాకిచ్చింది, మా వరస ఆవిడ తీసుకుంది.

వాళ్ళ పంచాంగం లెక్కలో మార్గశిరంలో ప్రథమాష్టమి పండుగ. ఆ రోజు పొద్దున్నే మావుసీ పళ్ళెంతో మా గుమ్మంలోకి వచ్చేది. పసుపు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ఎండూరి పిఠాలు. ఆకు విప్పగానే పచ్చి పసుపు వాసన గుప్పున లేచేది. తెల్లటి పిండి మీద ఆకు ఈనెలు గీతలు గీతలుగా అచ్చు పడి ఉండేవి. లోపల బెల్లం, కొబ్బరి. ఆ పళ్ళెం కడిగి తిరిగి ఇవ్వడానికి అమ్మ నన్ను ఊరికే పంపేది కాదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూరో, చేగోడీలో అందులో పెట్టేది. “ఉత్త పళ్ళెం పంపకూడదు బావూ, ఏదో ఒకటెట్టి పంపాలి” అనేది.

మన తెలుగు సంఘం సావనీరుకి భారతదేశ వైవిధ్యం గురించి రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పళ్ళెమే.

హౌరా-చెన్నై రైలు మార్గంలో నెల్లిమర్లకీ చీపురుపల్లికీ మధ్య ఉంటుంది మా ఊరు. ఆ నేల కింద మాంగనీసు ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా ప్రాంతంలోని కోడూరులోనే, 1892లో. ఆ ఊరి పేరు మీదే ఒక రాతికి కోడూరైట్ అని పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించే రాయి ఖొండలైట్. ఆ పేరు ఆ కొండల్లో ఉండే ఖోండుల నుంచి వచ్చింది. మా దగ్గర రాళ్ళకి కూడా ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లే.

1950లలో సరాఫ్‌ల మార్వాడీ కుటుంబం శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం పెట్టింది. మేమంతా ఫేకర్ అనేవాళ్ళం. నాన్న అక్కడ ఫర్నేసు దగ్గర పనిచేసేవారు. ఒకసారి ఖనిజం ముక్క ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. చూస్తే చిన్న రాయి, పట్టుకుంటే చెయ్యి కిందికి లాగేసింది. వేళ్ళ నిండా నల్లటి మసి. “ఉత్త ఇనుము మెత్తన. ఇది కలిస్తేనే గట్టి ఉక్కు” అన్నారు. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట చక్రాల దెబ్బ ఎక్కువ. అక్కడ వాడే ప్రత్యేకమైన ఉక్కులో మాంగనీసు 11 నుంచి 14 శాతం దాకా ఉంటుందని పెద్దయ్యాక చదివాను. దారులు కలిసే చోటే కలయిక ఎక్కువ కావాలి. నాన్న చెప్పింది లోహం గురించే అయినా, అది నాకు మనుషుల గురించి కూడా నిజమైంది.

ఊరు దాటి నెల్లిమర్ల వైపు వెళ్తే రామతీర్థం. కొండ కింద రాముడి గుడి. ఆ రాముడి ఊళ్ళోనే శివరాత్రికి పెద్ద జాతర. పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారపు ఇటుక గోడలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు. 11వ శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు, జైనాచార్యుడైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు, ఈ కొండకి మొక్కినట్టు అక్కడ శాసనం ఉంది. విజయనగరం బాబామెట్టలో ఖాదర్ బాబా దర్గా. అక్కడ మొక్కు చెల్లించుకోవడానికి వచ్చేవాళ్ళని ఏ మతమని ఎవరూ అడగరు.

ఇక విజయనగరం అమ్మవారు పైడితల్లమ్మ. ఆవిడ ఆ ఊరి రాజులైన పూసపాటి వారి ఆడపడుచు, 1757 బొబ్బిలి యుద్ధంలో చనిపోయిన విజయరామరాజుకి తోబుట్టువు అని మావాళ్ళు చెప్పుకుంటారు. దసరా వెళ్ళిన మంగళవారం పూజారి సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. చేపలు పట్టే వల లేనిదే అమ్మవారి ఊరేగింపు పూర్తి కాదు. దేవతని ఆడపడుచుగా పిలుచుకునే చోట పరాయివాళ్ళంటూ ఎవరుంటారు?

పక్షులకి కూడా అంతే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా చలికాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన కూతుళ్ళలా చూసుకుంటారు.

భాషల సంగతికొస్తే, మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణంలో మూడు భాషా కుటుంబాలు వినిపిస్తాయి. తెలుగు, కువి ద్రావిడ భాషలు. ఒరియా ఇండో-ఆర్య భాష. సవర ముండా శాఖకి చెందింది, దూరపు చుట్టరికం కంబోడియా వాళ్ళ ఖ్మేర్‌తో. మన దేశంలో 10,000 మందికి పైగా మాట్లాడే భాషలు 121 ఉన్నాయని 2011 జనగణన లెక్క. అంకె గొప్పదే. కానీ పక్కవాడి భాష నేర్చుకునేవాడు లేకపోతే అది ఒట్టి జాబితా.

అలా నేర్చుకున్నవాడు గిడుగు రామమూర్తి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వేసుకున్న క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. అయినా ఆగకుండా సవర వ్యాకరణం, నిఘంటువులు రాశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మన భాష కోసం పోరాడిన మనిషి మరొకరి భాష కోసం చెవులు పోగొట్టుకున్నాడన్న మాట పిల్లలకి చెప్పకుండా ఆ పండుగ చేయకూడదు.

అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు హరికథా పితామహుడు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్. ఆయన పారశీకం నేర్చుకుని ఒమర్ ఖయ్యాం రుబాయీలని మూలం నుంచి సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ తెచ్చారు. హరికథ చెప్పే గజ్జెల కాలు పారశీక కవి వాకిట్లోకి నడిచింది.

ఈ గడ్డ మీది వాళ్ళే భీమిలి, కళింగపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు ఎందరో అడవుల గుండా నడిచి ఇంటికి చేరారు, కొందరు దారిలోనే ఒరిగిపోయారు. ఇంకా ముందే మారిషస్ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళ వారసులు అక్కడే వేళ్ళూనుకున్నారు. ఈనాడు ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు. మనవాళ్ళు తీసుకెళ్ళిన పండుగని ఆ దేశం తనదిగా చేసుకుంది.

భాష పేరుతో, దేవుడి పేరుతో గోడలు లేపడం ఎక్కడైనా తేలికే. మన దేశపు వైవిధ్యం ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది దానంతటది కాదు. ఎవరో ఒకరు రోజూ గుమ్మం దాటి వెళ్ళారు, ఒక మాట నేర్చుకున్నారు, ఒక వరస కలుపుకున్నారు. పరాయి దేశంలో ఉన్న మనకి ఆ పని ఇంకా ఎక్కువ. పిల్లలకి తెలుగు నేర్పుదాం. దానితో పాటు పక్కింటివాళ్ళని వాళ్ళ మాటతో పిలవడం కూడా నేర్పుదాం.

టెక్సాస్‌లో మా పక్కింట్లో మెక్సికో నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు. మా అమ్మాయి ఆవిడని ‘అబ్వెలా’ అంటుంది. వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆవిడ మా అమ్మాయిని ‘బంగారూ’ అని పిలుస్తారు. ఆ మాట మా ఇంట్లోనే పట్టుకున్నారు. పోయిన క్రిస్మస్‌కి ఆవిడ తమాలెస్ తెచ్చారు. మొక్కజొన్న పొత్తు మీది పొరల్లో పిండి చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. పొర విప్పితే పిండి మీద గీతలు గీతలుగా అచ్చు. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

మా అమ్మాయి పళ్ళెం కడిగి తుడిచి, బల్ల మీద పెట్టి, వంటింట్లోకి తొంగి చూసింది.

“ఇందులో ఏం పెట్టి పంపుదాం నాన్నా?”