సంస్థానభారము – వారసుడు స్వీకరించునది యేమి?



పెద్ద జమీందారీలో తండ్రి గతించి కుమారుడు గద్దె నెక్కినాడనగానే మన కన్నుల ముందు మంగళవాద్యములు, భట్రాజుల కైవారములు, నజరానా పళ్లెరములు మెదలును. అవి యొక దినముతో ముగియునవి. ఆ మరునాటి ప్రొద్దున దివాను తెచ్చి ముందుంచు కాగితముల కట్టలో సంస్థానము యొక్క నిజస్వరూపము గలదు. ఆ కట్టలో ఏమేమి యుండెడివో, వారసుడు దానిని చక్కగా చూచినప్పుడును, చూడనప్పుడును పల్లెలకు ఏమి సంభవించెడిదో నేటి ప్రసంగములో వివరింప దలచినాను. ఇందులకు దృష్టాంతము దూరదేశమున వెదుకనక్కరలేదు. మన విశాఖ మండలపు చరిత్రకు నడిబొడ్డువంటి విజయనగర సంస్థానమే చాలును.

మొదట జమీందారీ యన నేమియో నిర్ణయించుకొందము. 1793లో కారన్‌వాలిసు ప్రభువు వంగదేశమున ఏర్పరచిన శాశ్వత పరిష్కారమును కుంపిణీవారు 1802లో మన సర్కారు సీమలకు తెచ్చిరి. దాని ప్రకారము జమీందారు సర్కారునకు ఏటేట చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా నిర్ణయింపబడెను. రాబడిలో సుమారు మూడింట రెండు పాళ్లు సర్కారునకు, మిగిలిన పాలు జమీందారునకు అనునది సాధారణపు లెక్క. విజయనగరమునకు నాడు 24 పరగణాలు, 1157 గ్రామములు ఉండెను. పేష్కషు అయిదు లక్షల రూపాయలు. సగటున చూచినచో గ్రామమునకు 432 రూపాయలు. వాన కురిసినను కురియకపోయినను ఆ సొమ్ము కిస్తీల ప్రకారము ఖజానాకు చేరవలయును. బాకీపడినచో ఎస్టేటును జప్తుచేసి వేలము వేయుటకు సర్కారునకు అధికారము గలదు. కావున సన్నదు చేత బట్టుకొన్న వారసుడు భూమితోపాటు తప్పించుకొన వలనుగాని యొక గడువును గూడ చేత బట్టుకొనెడివాడు.

ఈ గడువు ఎంత క్రూరమైనదో పద్మనాభము కొండ చెప్పగలదు. శాశ్వత పరిష్కారమునకు పూర్వము పేష్కషును కుంపిణీవారు తమ యిచ్చవచ్చినట్లు హెచ్చించెడివారు. ఆ బాకీల తగవులోనే విజయరామరాజుగారిని సంస్థానము విడిచి, నెలకు 1200 రూపాయల భరణముతో మచిలీబందరు పొమ్మని శాసించిరి. ఆయన పోలేదు. తనవారితో పద్మనాభమున విడిసి, 1794 జూలై 10వ తేదీన కర్నలు ప్రెండర్‌గాస్టు సేనతో పోరాడి నిహతులైరి. ఆ యుద్ధము గంటసేపైనను సాగలేదు. కుమారుడు నారాయణబాబు ఇంకను బాలుడే. ఆయనను కొండసీమకు తరలించిరి. పిదప సంధి కుదిరి సంస్థానము తిరిగి లభించినను, పూర్వపు విస్తీర్ణము మిగులలేదు. కొండ జమీందారులకు వారివారి సీమలు తిరిగి చెందెను. 1802 నాటి సన్నదు ఈ నారాయణబాబుగారికే దక్కినది.

ఇక వారసుడెవ్వడను ప్రశ్న. ఆ కాలమున మనవంటి గృహస్థుల యిండ్లలో తండ్రి సొత్తును అన్నదమ్ములు సమముగా పంచుకొనెడివారు. పెద్ద సంస్థానములలో విభాగము లేకుండెను. జ్యేష్ఠునకే గద్దె, తక్కినవారికి మనోవృత్తి మాత్రము. సంతతి లేనిచోట దత్తత. పంపకము లేనందున సంస్థానము ముక్కలుకాక నిలిచెను. కాని సర్వాధికారము ఒక్కని చేతిలో పడినందున, ఆ యొక్కడు అప్పులు చేసినచో ఆపువాడు లేకపోయెను. 1899లో పిఠాపురము వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలువారు, అవిభాజ్యమైన జమీందారీని దాని యజమాని తన యిష్టానుసారము అన్యాక్రాంతము చేయవచ్చునని తీర్పు చెప్పిరి. దానితో భయపడి మదరాసు ప్రభుత్వము 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టమును గావించి, యజమాని అప్పులకును అమ్మకములకును కట్టుబాటు విధించెను.

వారసుడు మైనరైనచో కోర్టు ఆఫ్ వార్డ్సు పరిపాలన వచ్చెడిది. ఇది 1804 నాటి నిబంధన. పేరునకు కోర్టే గాని, నిజమునకది మదరాసు రెవిన్యూ బోర్డు. దాని తరపున జిల్లా కలెక్టరు పెత్తనము చేసెడివాడు. లెక్కలు తేల్చుట, ఋణదాతలకు వాయిదాలు ఏర్పరచుట, చెరువులు బాగుచేయించుట, మైనరునకు విద్య చెప్పించుట ఆయన పనులు. మదరాసులోని న్యూయింగ్టన్ భవనమున ఇట్టి బాలజమీందారులకు ప్రత్యేక విద్యాశాల నడచెను. మైనారిటీ తీరగానే లెక్కలతో సహా ఎస్టేటును అప్పగించెడివారు.

ఇప్పుడు మన దృష్టాంతమునకు వత్తము. నారాయణబాబుగారు 1845లో కాశీక్షేత్రమున పరమపదించిరి. నాటికి సంస్థానము ఋణములలో మునిగి, ప్రభుత్వ యాజమాన్యములో ఉండెను. వారసులైన విజయరామ గజపతిరాజుగారు 1826లో జన్మించినవారు. అనగా పందొమ్మిదేండ్ల యువకులు. ఆ వయస్సులో గద్దె చేతికందినచో ఎవ్వరైనను ఏమి చేయుదురు? తాళములు తెమ్మందురు. ఆయన తాళములు అడుగలేదు. తండ్రి కాలమున ఏర్పడిన ప్రభుత్వ యాజమాన్యమును మరి యేడేండ్లు సాగనిచ్చిరి. క్రోజియరు దొర ప్రభుత్వము తరపున ఎస్టేటును నడపెను. 1852లో రాజుగారు స్వయముగా భారము స్వీకరించునప్పటికి అప్పులు తీరుటయే గాక, రెండు లక్షల పైచిలుకు రూపాయలు నిలువ యుండెను.

ఏడేండ్లలో ఇది ఎట్లు సాధ్యమయ్యెను? ఇందు మంత్రతంత్రములు లేవు. పేష్కషు స్థిరమైనది; అది పెరుగదు. ధాన్యపు ధర పెరిగినను, కొత్తభూమి సాగులోనికి వచ్చినను కలుగు లాభమంతయు ఎస్టేటునకే చెందును. కోట ఖర్చునకు మితము విధించి, కిస్తీ తప్పక చెల్లించి, మిగులును వడ్డీకి గాక అసలునకు జమకట్టుచు వచ్చినచో ఋణము కరగును. అప్పున్న సంస్థానమున దీనికి విపరీతము జరుగును. కిస్తీదినము ముంచుకొని రాగానే సాహుకారు వద్ద అప్పు, ఆ అప్పునకై గ్రామములను ముస్తాజరునకు ఇజారా ఇచ్చుట, ముస్తాజరు మూడు నాలుగేండ్ల గడువులో తన సొమ్ము రాబట్టుకొనుటకై రైతును పీల్చుట, పీల్చిన రైతు పొలము వదలి పోవుట, రాబడి తగ్గుట, మరల అప్పు. అందువలన రాజు చేసిన యప్పు కోటలోనే నిలిచిపోక, చివరకు మడిలో నాగలి పట్టినవాని వీపుమీదికి దిగెడిది. విజయరామరాజుగారు ఏడేండ్లు ఓర్చుకొన్నందున తప్పినది ఈ చక్రభ్రమణమే.

ఆయన చేతికి వచ్చిన సంస్థానము ఋణవిముక్తమైనందుననే తరువాతి దానధర్మములు సాధ్యమయ్యెను. 1857లో విజయనగరమున స్థాపించిన పాఠశాల 1879 నాటికి మహారాజ కళాశాలగా వృద్ధిపొందెను. కాశిలోని పురమందిరము ఆయన కట్టించినదే. ఆయన కుమారులు ఆనందగజపతిగారు మోక్షమూలర్ పండితుని ఋగ్వేద ద్వితీయముద్రణకు ద్రవ్యమొసగిరి. నాలుగు సంపుటములుగా అది 1890–92 సంవత్సరములలో వెలువడెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ఆయన కాలముననే విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి ఆయనకే అంకితమయ్యెను. వేదమునకును నాటకమునకును కర్చైన రూపాయి మొదట ఒక యువకుని ఓర్పువలన మిగిలిన రూపాయి.

అయితే ఒక సందేహము కలుగవచ్చును. ఈ మంచి యంతయు రాజు మంచివాడైనందున కలిగినదే గదా, కానిచో రైతు గతి యేమి? సరియైన సందేహమే. 1802 నాటి నిబంధనలలోనే జమీందారు రైతునకు పట్టా యిచ్చి, రైతు వలన ముచ్చిలిక పుచ్చుకొనవలెనని యుండెను. కాని పెక్కుచోట్ల అది కాగితముననే నిలిచెను. వారసుడు మారినప్పుడెల్ల శిస్తు మారునేమో, భూమి పోవునేమో యను బెదురు రైతునకు తప్పలేదు. 1908 నాటి మదరాసు ఎస్టేట్స్ ల్యాండు చట్టము వచ్చిన పిమ్మటనే జిరాయితీ రైతునకు స్థిరమైన సాగుహక్కు చట్టసమ్మతముగా ఏర్పడెను. శిస్తు చెల్లించుచున్నంతకాలము, గద్దె మీద ఎవరున్నను, వానిని తొలగింప వీలులేకపోయెను. మంచి వారసుడు వరము. మంచి చట్టము హక్కు. వరము కొరకు ఎదురుచూడవలయును, హక్కును అడిగి పుచ్చుకొనవచ్చును.

తరువాతి వారసత్వములు ఇంత సాఫీగా సాగలేదు. 1897లో ఆనందగజపతిగారు నిస్సంతుగా గతించిరి. వారి తల్లి అలకరాజేశ్వరీదేవిగారు 1883లో జన్మించిన విజయరామగజపతిని దత్తత చేసికొనిరి. ఆయన 1904లో యుక్తవయస్కులైరి. కాని దత్తతను గూర్చి జ్ఞాతులతో వ్యాజ్యము ఏండ్లకొలది నడచి, 1913లో రాజీతో ముగిసెను. ఆ వ్యాజ్యపు కాలమున సంస్థానమునకు మేలుకోరి పాటుపడినవారిలో గురజాడవారును ఒకరు. ఆయన కుమారులు అలకనారాయణ గజపతిగారు 1937లో గతించునప్పటికి వారసులైన పి. వి. జి. రాజుగారు 1924లో జన్మించిన బాలురు, పదమూడేండ్లవారు.

ఆయన పెద్దవారగులోపల కాలమే మారినది. 1937లో ప్రకాశము పంతులుగారి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము జమీందారీ రైతుల కష్టములను వెల్లడించెను. స్వరాజ్యము వచ్చిన మరుసటియేడు, 1948లో, మదరాసు శాసనసభ ఎస్టేట్లను రద్దుచేసి రైత్వారీగా మార్చు చట్టమును గావించెను. చిన్న ఎస్టేట్లకు ఏటి నికరాదాయము లెక్కకు ముప్పది రెట్ల వరకు, మిక్కిలి పెద్దవానికి పండ్రెండున్నర రెట్లు చొప్పున పరిహారము నిర్ణయించిరి. 1802 నాటి సన్నదు దానితో చరిత్రలో చేరెను. అయినను వారసత్వమనునది పూర్తిగా తీరలేదు; దాని స్వరూపము మారెను. పి. వి. జి. రాజుగారు సోషలిస్టు పక్షమున చేరి, శాసనసభలోను లోకసభలోను సభ్యులై, 1958లో తండ్రిపేర విద్యాధర్మసంస్థను నెలకొల్పి, కోటనే విద్యాలయములకు ఒసగిరి. సింహాచల దేవస్థానమునకు ఆ వంశమువారు అనువంశిక ధర్మకర్తలు. ఏలువాని స్థానమున ధర్మకర్త నిలిచెను. ఏలువాడు పేష్కషు చెల్లించి తక్కినది అనుభవించెడివాడు. ధర్మకర్త ప్రతి కాసునకు లెక్క చెప్పవలయును, తనకై యేమియు ఉంచుకొనరాదు. దీని భారమే యెక్కువ.

పెద్దలారా! ఈ కథవలన పల్లెలో మనకు ఒరుగునదేమి? మన సబ్బవరమున నేడు దామోదరం సంజీవయ్య పేర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వెలసినది. అచ్చట విద్యార్థులు చదువు భూచట్టములకు మూలము మన యిండ్లలోని పెట్టెలలో ఉన్నది. ఎస్టేటు గ్రామములైన చోట పాత పట్టాలు, శిస్తు రసీదులు, ఇనాము కాగితములు, రద్దు పిమ్మట తయారైన సెటిల్మెంటు ఫెయిరు అడంగలు నకళ్లు నేటికిని హక్కు తేల్చుటకు అక్కరకు వచ్చుచున్నవి. 1984లో కరణీకములు రద్దైన పిదప ఏ సర్వే నంబరు ఎవరిదో నోటితో చెప్పగలవారు తగ్గిపోయిరి. మనము బ్రతికియుండగానే ఆ కాగితములను విప్పి, ఇది ఫలాని మడి, దీని గట్టు ఇంతవరకు, ఇది మనది గాదు చెరువు గర్భము, ఈ అప్పు ఇంకను తీరలేదు అని కుమారులకును కూతుండ్రకును వివరించి చెప్పవలయును. సొత్తును మాత్రము చెప్పి అప్పును దాచినవాడు తన బిడ్డను మోసగించినవాడగును.

రెండవ మాట పిల్లలకు చెప్పవలసినది. భారము చేతికి రాగానే తాళము కొరకు చేయి చాపకుడు. మొదట లెక్క అడుగుడు. లెక్కలో లోటున్నచో అది తీరుదాక కోరికలను వాయిదా వేయుడు. లక్షల సంస్థానమునకు ఏడేండ్లు పట్టినది. అరయెకరము మడికి ఒకటి రెండు పంటలు పట్టవచ్చును. ఓర్చినచో పంట మనది. ఓర్వకున్నచో పంట సాహుకారుది.