రెండో తెర కనిపించదెందుకు?

2020 మార్చిలో ఆఫీసులు ఇళ్లలోకి వచ్చాక హైదరాబాద్ నాగోల్ అపార్ట్‌మెంట్లలో ల్యాప్‌టాప్ పక్కన ఇంకో మానిటర్ చేరడం మామూలైపోయింది. దాంతోపాటే ఒక ఫిర్యాదూ వచ్చింది. మానిటర్ లైటు వెలుగుతుంది, తెర మీద ‘నో సిగ్నల్’ అని పడుతుంది, కంప్యూటర్‌కేమో అసలు రెండో మానిటర్ ఉన్నట్టే తెలియదు. చాలామంది తెర పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. నేను చూసినంతలో తెర నిజంగా పాడవడం అరుదు. తానెవరో కంప్యూటర్‌కు చెప్పుకోలేకపోవడమే ఎక్కువ.

ఒకప్పుడు తెరకు ఆ అవసరమే లేదు. నాగోల్ నుంచి ఉప్పల్, నాచారం, మల్లాపూర్ దాటి వెళ్తే ఈసీఐఎల్ వస్తుంది. 1967లో ఏ.ఎస్.రావు నెలకొల్పిన ఆ సంస్థ టీడీసీ కంప్యూటర్లు చేసింది, ఇంటింటికీ తెలిసిన ఈసీ టీవీలూ చేసింది. ఆ టీవీకి దూరదర్శన్ సిగ్నల్ ఎప్పుడూ ఒక్క తీరుగానే అందేది: 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒకరినొకరు అడిగి తెలుసుకోవాల్సిందేమీ లేదు.

కంప్యూటర్ తెరల్లో ఆ ఏకరూపత రాలేదు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఒకే రంగు కార్డునూ, పలు రంగుల కార్డునూ కలిపి బిగించుకోవచ్చు. లోటస్ 1-2-3 అనే లెక్కల పట్టికల ప్రోగ్రామ్ వాడేవాళ్లు ఒక తెర మీద అంకెలు, రెండోదాని మీద గ్రాఫు చూసుకునేవారు. అయితే ఏ తెర ఏ వేగాన్ని తట్టుకుంటుందో మనిషే గుర్తుంచుకోవాలి. పొరపాటు సిగ్నల్ పంపితే ఆనాటి మానిటర్లలో కొన్ని చెడిపోయేవి కూడా. 1987లో ఐబీఎం తెచ్చిన 15 పిన్నుల వీజీఏలో మానిటర్ చెప్పగలిగింది చాలా కొంచెం.

అసలు మలుపు 1994లో వచ్చింది. ‘వెసా’ అనే ప్రమాణాల సంఘం ప్రతి మానిటర్‌లో ఒక బుల్లి మెమరీ చిప్ ఉండేలా పద్ధతి పెట్టింది. దానిలోని సమాచారం పేరు ఈడీఐడీ, మొదటి భాగం 128 బైట్లు. తయారీదారు గుర్తు, తయారైన సంవత్సరం, తెర కొలతలు సెంటీమీటర్లలో, ఆ తెర చూపగల రిజల్యూషన్లు అన్నీ అందులోనే. నాకు బాగా నచ్చేది చివరి బైటు. మొత్తం 128 బైట్లనూ కూడితే 256తో నిశ్శేషంగా భాగం పోయేలా దాన్ని అమరుస్తారు. దారిలో ఒక్క బిట్ తారుమారైనా లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది.

ఇంట్లో వచ్చే తంటాలు చాలావరకు ఇక్కడివే. వీజీఏలో ఈ సమాచారం 12, 15 పిన్నుల మీద నడుస్తుంది. వాటిలో ఒకటి వంగినా బొమ్మ వస్తుంది, కానీ పెద్ద తెర 1024×768 లాంటి చిన్న కొలత దగ్గరే ఆగి అక్షరాలు సాగిపోతాయి. హెచ్‌డీఎంఐలో కంప్యూటర్ 18వ పిన్నులో 5 వోల్టులు పంపుతుంది, మానిటర్ 19వ పిన్ను ద్వారా ‘ఉన్నాను’ అని బదులిస్తుంది. ఆ తర్వాతే చిప్‌ను చదవడం. ప్లగ్ వదులై ఆ బదులు అందకపోతే ‘డిటెక్ట్’ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

కాబట్టి ముందు మానిటర్ మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నామో లేదో చూడాలి. విండోస్, పీ మీటలు కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ పెట్టాలి. అప్పటికీ రాకపోతే బాగా పనిచేస్తున్న తెర కేబుల్‌ను దీనికి మార్చాలి. ఈ ఒక్క మార్పుతో తప్పు కేబుల్‌దో తెరదో తేలిపోతుంది. సీపీయూ డబ్బాకు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే రెండు కేబుళ్లూ ఆ కార్డుకే పెట్టి చూడాలి. కార్డు ఉన్నప్పుడు మదర్‌బోర్డు మీది పోర్టు చాలా కంప్యూటర్లలో పనిచేయదు.

కన్వర్టర్ కొనడానికి నాగోల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. మధ్యలో మార్చే చిప్ లేని ఉత్త కేబుల్ దండగ. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే చౌక కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది, తిప్పి పెడితే పనిచేయదు. అందుకే కౌంటర్ దగ్గర రెండు పోర్టుల పేర్లు చెబితే చాలదు, కంప్యూటర్ వైపు ఏది, మానిటర్ వైపు ఏది అన్నదీ చెప్పి తీసుకోవాలి.