పళ్లెం వేరు చేస్తే క్షయ ఆగదు
* రెండు వారాలు దాటిన దగ్గును దాచొద్దు
* మధ్యలో మందులు మానితే ముప్పు

మర్పల్లి: ‘వికారాబాద్ కా హవా.. లాఖోం మరీజోం కా దవా’ అనే నానుడి ఈ ప్రాంతవాసులకు సుపరిచితమే. అనంతగిరి గుట్టల గాలి రోగులకు మేలు చేస్తుందన్న నమ్మకంతో నిజాం కాలంలో అక్కడ క్షయ ఆసుపత్రి వెలిసింది. సరైన మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలవర్ధకమైన ఆహారమే చికిత్స. నేడు వ్యాధిని నయం చేసే మందులు పల్లెలకే అందుతున్నా భయం మాత్రం పూర్తిగా వీడలేదు. దగ్గుతున్న మనిషికి పళ్లెం, గ్లాసు వేరు చేసి, విషయం బయటికి పొక్కకుండా చూసుకునే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ గోప్యతే వ్యాధి వ్యాప్తికి ఊతమిస్తోంది.

ఎలా సోకుతుందంటే..
క్షయ కారక సూక్ష్మజీవిని కనుగొన్నట్లు జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్న వ్యక్తి దగ్గినా, తుమ్మినా క్రిములు సన్నని తుంపరలతో గాలిలో కలుస్తాయి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఇతరుల ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. ఆరుబయట గాలికి చెదిరిపోతాయి, ఎండకు నశిస్తాయి. కరచాలనం, సహపంక్తి భోజనం, దుస్తుల వల్ల ఈ వ్యాధి సోకదు. క్రిమి చేరిన ప్రతి ఒక్కరూ జబ్బు పడరు. పోషకాహార లోపం, మధుమేహం, హెచ్‌ఐవీ, పొగతాగే అలవాటు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

ఇంటి వద్దే చికిత్స
రోగిని ఇంటికి దూరం చేయాల్సిన పని లేదని మద్రాసులో 1956లో ప్రారంభమైన పరిశోధన నిరూపించింది. కొందరికి శానటోరియంలో, మరికొందరికి ఇరుకు ఇళ్లలోనే ఒకే రకమైన మందులిచ్చారు. ఇళ్లలో ఉన్నవారూ దాదాపు అదే స్థాయిలో కోలుకున్నారని, వారి కుటుంబ సభ్యులకు వ్యాధి ముప్పు పెరగలేదని ఆ పరిశోధన ఫలితాల్లో తేలింది. సరైన మందులు వాడటం మొదలుపెట్టాక కొద్ది వారాల్లోనే రోగి నుంచి వ్యాప్తి బాగా తగ్గుతుంది. అసలు ప్రమాదం వ్యాధి బయటపడకముందు గడిచే రోజుల్లోనే ఉంది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనిపిస్తే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలు, మందులు ఉచితం. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. నెలా రెండు నెలల్లో దగ్గు తగ్గిందని మానేస్తే క్రిములు మందులకు లొంగకుండా మొండికేస్తాయి. అప్పుడు చికిత్స కష్టమవడమే కాక, ఆ మొండి క్రిములే ఇతరులకూ సోకుతాయి.

రోగి దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలి. తెమడను మూత ఉన్న డబ్బాలోనే ఉమ్మాలి. ఇంట్లోకి గాలి, వెలుతురు రావాలి. కుటుంబ సభ్యులందరూ పరీక్ష చేయించుకుని, వైద్యులు సూచిస్తే నివారణ మందులు వాడాలి. పుట్టిన బిడ్డకు బీసీజీ టీకా వేయించాలి.

ఆహారమూ ఔషధమే
రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం అందిస్తే ఇంట్లోని ఇతరులకు క్షయ వచ్చే ముప్పు సుమారు 40 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో నిర్వహించిన అధ్యయనం 2023లో వెల్లడించింది. పోషకాహారం కోసం కేంద్రం 2018లో నెలకు రూ.500 చొప్పున ప్రారంభించిన సాయం 2024 నవంబరు నుంచి రూ.1,000కి పెరిగింది. ఇది రోగి బ్యాంకు ఖాతాలో జమవుతుంది. అయితే ఈ సాయం పొందాలంటే రోగి పేరు నమోదు కావాలి. వ్యాధిని దాచినవారికి మందూ అందదు, సాయమూ అందదు.