విశాఖపై దాడి చేసిన నౌక, గ్వాడల్‌కెనాల్ ఆకలి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవులపై బాంబులు వేశాయి. తెలుగునాట రెండవ ప్రపంచయుద్ధ చర్చ చాలావరకు ఈ ఘటనతో మొదలై దీనితోనే ముగుస్తుంది. ఆ విమానాలను మోసుకొచ్చిన ‘ర్యూజో’ అనే చిన్న విమానవాహక నౌక తరువాత ఏమైందన్నది సాధారణంగా ప్రస్తావనకు రాదు. ఆ నౌక చివరి ప్రయాణాన్ని పరిశీలిస్తే, అటువంటి దాడి మన తీరంపై ఎందుకు పునరావృతం కాలేదో కొంత బోధపడుతుంది.

జూన్‌లో మిడ్వే వద్ద నాలుగు పెద్ద విమానవాహక నౌకలను కోల్పోయినా జపాన్ దక్షిణ పసిఫిక్‌లో ముందుకు సాగే ప్రయత్నం మానలేదు. సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో విమానాశ్రయ నిర్మాణానికి పూనుకుంది. అది పూర్తయితే అమెరికా, ఆస్ట్రేలియాల మధ్య ఓడల రాకపోకలకు ముప్పు. ఆగస్టు 7న అమెరికా మెరైన్లు ద్వీపంలో దిగి ఆ రన్‌వేను చేజిక్కించుకున్నారు. దానికి హెండర్సన్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. ఆరు నెలల పోరాటమంతా దాని చుట్టూనే సాగింది. ఆగస్టు 24న దానిపైకి తన విమానాలను పంపిన ర్యూజోను, అమెరికా నౌక సారటోగా నుంచి వచ్చిన విమానాలు ముంచివేశాయి.

రన్‌వే శత్రువు చేతిలో ఉన్నందున జపాన్ సరకు ఓడలు పగటిపూట ద్వీపాన్ని సమీపించలేకపోయాయి. వేగంగల డిస్ట్రాయర్లు రాత్రివేళ వచ్చి, తెల్లవారేలోపు దూరం వెళ్లిపోవలసి వచ్చేది. వాటిలో సైనికులు పడతారు గాని, వారికి చాలినంత బియ్యం, బరువైన ఫిరంగులు పట్టవు. చివరకు ధాన్యాన్ని డ్రముల్లో నింపి, తాళ్లతో కట్టి, తీరానికి దగ్గరగా నీటిలోకి వదిలారు. వాటిలో అధికభాగం ఒడ్డుకు చేరలేదు.

జపాన్ సైనికులు ద్వీపం పేరును ‘గా-తో’ అని కుదించారు. ‘తో’ అంటే ద్వీపం. ‘గా’ అనే ధ్వనికి ఆకలిని తెలిపే లిపిచిహ్నం కూడా ఉంది. దానితో రాస్తే అదే పేరు ‘ఆకలి ద్వీపం’ అవుతుంది. మన ఆలంకారికులు దీన్ని శ్లేష అంటారు. అక్కడ అది వాస్తవ కథనం. ద్వీపంపై మరణించిన జపాన్ సైనికుల్లో ఎక్కువమందిని బలిగొన్నవి ఆకలి, వ్యాధులే. వాన రాని ఏడాది గింజ ఏ దారిన వస్తుందన్నదే బతుకును నిర్ణయించిన కర్నూలు, కడప సీమల పాఠకులకు ఈ పేరును వివరించనక్కరలేదు.

1943 ఫిబ్రవరి మొదటి వారంలో, మిగిలిన పదివేలమందికి పైగా సైనికులను జపాన్ రాత్రివేళల్లో తరలించింది. అండమాన్ దీవులు 1945 దాకా దాని అధీనంలోనే ఉన్నా, విమానవాహక నౌకలు మాత్రం బంగాళాఖాతంలో దాడికి మళ్లీ రాలేదు. ఇందుకు గ్వాడల్‌కెనాల్ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. మిడ్వేలో ప్రధానంగా నౌకలు పోయాయి. సాలమన్ దీవుల్లో నెలల తరబడి అనుభవజ్ఞులైన వైమానికులు పోయారు. నా దృష్టిలో రెండవదే పూడ్చుకోలేని నష్టం.