బైండ్, బంధము, కట్టు

ఇంగ్లీషు పాఠంలో 'బైండ్' అనే క్రియ వచ్చినపుడు ఉపాధ్యాయుడు 'కట్టు' అని అర్థం చెప్పి ముందుకు సాగుతాడు. అర్థం సరియైనదే. కాని ఈ చిన్న మాట వెనుక రెండు భాషాకుటుంబాల చరిత్ర దాగి ఉన్నది. విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద నిలబడి చూచే విద్యార్థికి అది కండ్లకు కట్టినట్లు తెలుస్తుంది.

ప్రాచీన ఇంగ్లీషులో ఈ క్రియ 'బిండన్'. త్రాటితో కట్టడం దాని మొదటి అర్థం. గాయానికి గుడ్డ కట్టడం, పుస్తకానికి అట్ట కట్టడం, మనిషిని ఒప్పందానికి కట్టుబడేటట్లు చేయడం అనే అర్థాలు కూడా దానికి ఉన్నవి. పట్టీకి 'బ్యాండ్', మూటకు 'బండిల్', ఒప్పంద పత్రానికి 'బాండ్' అనే పేర్లు దీని చుట్టాలే. రసాయనశాస్త్రంలో పరమాణువులను కలిపి ఉంచే 'బాండ్'ను మనము 'బంధం' అంటున్నాము. ఇది అనువాదం మాత్రమే కాదు. రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినవి.

దీనికి నిదర్శనమేమి? ధ్వని పోలిక ఒక్కటే చాలదు. 'దూకు' అనే అర్థంగల 'బౌండ్' వినడానికి దగ్గరగానే ఉన్నా, అది ఫ్రెంచి నుండి వచ్చిన వేరొక మాట. చుట్టరికం తేలాలంటే ధ్వనులు ఒక నియమం ప్రకారం సరిపోవాలి. ఇంగ్లీషు మాట మొదటి 'బ'కారానికి సంస్కృతంలో సాధారణంగా 'భ'కారం ఉంటుంది. 'బ్రదర్'కు 'భ్రాతృ', 'మోయు' అనే అర్థంగల 'బేర్'కు 'భృ' ధాతువు ఇందుకు ఉదాహరణలు. ఈ లెక్కన 'బైండ్'కు 'భంధ్' ఉండవలె. ఉన్నది మాత్రం 'బంధ్'. నియమం తప్పినదా?

ఈ చిక్కును 1863లో విడదీసినవాడు ప్రష్యాలోని స్టెటిన్ పట్టణంలో పాఠశాల ఉపాధ్యాయుడైన హెర్మన్ గ్రాస్మన్. గణితశాస్త్రంలోనూ ఆయన పేరు ప్రసిద్ధమే. ఒక మాటలో ఒత్తు పలికే హల్లులు రెండు దగ్గర దగ్గరగా వస్తే సంస్కృతంలోను, గ్రీకులోను మొదటిది ఒత్తును కోల్పోతుందని ఆయన చూపించినాడు. 'ధ' నిలిచినందువలన 'భ' కాస్తా 'బ' అయినది. నియమభంగంగా కనిపించినది మరొక నియమానికి సాక్ష్యమైనది.

ఈ ధాతువే పారశీకంలో 'బంద్' అయినది. కట్టు, అడ్డుకట్ట అని దాని అర్థాలు. అది మన దేశంలో ప్రవేశించి, ఇక్కడి నుండి ఇంగ్లీషులో 'బండ్' అయినది. హైదరాబాదు టాంక్ బండ్ పేరులో ఉన్నది ఈ మాటే. అంగళ్ళు మూసే 'బందు' కూడా ఇదే.

తెలుగు 'కట్టు' ఈ కుటుంబానికి చెందదు. తమిళ, కన్నడ, మలయాళాలలోని 'కట్టు' దీని తోబుట్టువు. దక్షిణాది భాషలు వేరొక కుటుంబమని 1816లోనే ఎల్లిస్ దొర చూపించినాడు. అయితే చుట్టరికం లేకున్నా రెండు కుటుంబాలకూ తట్టిన ఊహ ఒక్కటే: త్రాటితో పశువును కట్టినట్లు, మట్టితో, రాతితో నీటిని కట్టవచ్చును. అందుకే అక్కడ 'బండ్', ఇక్కడ 'కట్ట'. తమిళపు 'అణైక్కట్టు' ఇంగ్లీషులో 'అనికట్' అయినది. మన 'ఆయకట్టు' కూడా ఇంగ్లీషు నీటిపారుదల నివేదికలలో చేరినది.

బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ కృష్ణ ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో ముగిసినది. కెప్టెన్ చార్లెస్ ఆర్ ఆ పని నడిపినాడు. 1952లో దానికి గండి పడినది. దాని స్థానంలో 70 తలుపులతో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తి అయినది. నది నీటిమట్టం తగినంత పెరిగితేనే నీరు తనంత తాను కాలువలలోకి పారి సుమారు 13 లక్షల ఎకరాలకు అందుతుంది. అంటే నీటిని కట్టేది నిలిపివేయడానికి కాదు, పారించడానికి. రైతు 'చేనికి నీళ్ళు కట్టినాను' అన్నపుడు నీటిని ఆపినానని కాదు, పెట్టినానని అర్థం. నిలుపుట, పారించుట అనే రెండు పనులనూ ఒక్క క్రియ మోస్తున్నది.

మరొక్క సంగతి. గోడ కూలుతుంది, తాడు తెగుతుంది. కట్టను మాత్రం కూలినది అనము, తెగినది అంటాము. మట్టికట్ట కూడా మన భాషకు త్రాడే! త్రాడు ఒక్కచోట బలహీనపడినా తెగినట్లు, కట్ట ఒక్కచోట బలహీనపడితే చాలును. 2024 సెప్టెంబరు వరదలలో బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినది. గట్టుపొడవునా పగులు, ఎలుక బొరియ, ఊట ఉన్నవేమోనని వెదకే కాపలా ఎందుకు అవసరమో ఆ ఒక్క క్రియ చెప్పుతున్నది.

కనుక 'బైండ్ అంటే కట్టు' అని చెప్పినపుడు ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న కూడా అడుగవచ్చును: "మన ఊరిలో ఏమేమి కడతారు?" పిల్లలు చెప్పే జాబితాలో పశువు, పూలమాల, ఇల్లు, నీటితీరువా అన్నీ వస్తాయి. భాషాశాస్త్రానికి అదే మొదటి పాఠం.