రాడ్డు మీద జిగురు పొర

మన చింతామణి, బాగేపల్లి తోటల్లో డ్రిప్పు పైపు కొన విప్పి వేలు పెడితే జారుతుంది. అది సూక్ష్మజీవులు కట్టుకున్న జిగురు పొర, పేరు బయోఫిల్మ్. పళ్ల మీది పాచీ అదే. విరిగిన ఎముకకు వేసిన రాడ్డు మీద, మార్చిన మోకాలి కీలు మీద కూడా ఇది కట్టొచ్చు. పొర అడుగున కొన్ని క్రిములు నిద్రపోతున్నట్టు ఉంటాయి. పెరిగే క్రిముల్ని చంపే మందుకు ఇవి లొంగవు. కొన్నిసార్లు వందల రెట్లు మోతాదు కావాలి. అందుకే మాత్రలు వేసుకున్నన్నాళ్లు తగ్గి, ఆపగానే చీము మళ్లీ వస్తుంది.

ఇంట్లో అవ్వకో నాయనకో రాడ్డు వేసినచోట చీము కారితే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టకండి. మిగిలిన క్రిములు మందుకే అలవాటు పడతాయి. ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. పొరను కడిగి తియ్యాలి, ఒక్కోసారి రాడ్డునే తియ్యాలి.