ఎన్‌పీఎం, పీఎన్‌పీఎం, యార్న్, బన్.. స్పీడ్ చూసి ఎంచుకుంటున్నారా? అసలు చూడాల్సింది వేరే ఉంది!

జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్‌లో ఒక్క ‘ఇన్‌స్టాల్’ కమాండ్ కొడితే చాలు.. ముక్కూమొహం తెలియని వాళ్లు రాసిన వందలాది ప్యాకేజీలు సిస్టమ్‌లోకి దిగిపోతాయి. వాటిని తెచ్చిపెట్టేదే ప్యాకేజీ మేనేజర్. ఏది ఫాస్ట్ అనే లెక్క చూసుకునే చాలామంది టీమ్‌లు దీన్ని ఎంచుకుంటున్నాయి. కానీ 2025 సెప్టెంబర్ తర్వాత ఆ లెక్క సరిపోదు.

ఆ నెల ఏం జరిగిందంటే..

సెప్టెంబర్ 8న చాక్, డీబగ్ సహా 18 పాపులర్ ప్యాకేజీల్లోకి క్రిప్టో సొమ్మును దారి మళ్లించే కోడ్ చొరబడింది. ఎన్‌పీఎం సపోర్ట్ పేరుతో వచ్చిన ఫేక్ మెయిల్‌ను ఓ డెవలపర్ నమ్మడమే కారణం. ఇవన్నీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్ అయ్యే ప్యాకేజీలు! అదృష్టం బాగుండి కొన్ని గంటల్లోనే గుర్తించి తీసేశారు. వారం తిరిగిందో లేదో ‘షై-హులూద్’ అనే వార్మ్ వచ్చిపడింది. ఇది ఇన్‌స్టాల్ టైమ్‌లోనే రన్ అయి, సిస్టమ్‌లోని గిట్‌హబ్, క్లౌడ్ టోకెన్లు దోచేసింది. అదే డెవలపర్ చేతిలోని మిగతా ప్యాకేజీలకూ పాకింది.

ఈ రెండు దాడులూ ఒకటి కాదు. మొదటి దాంట్లో ఇన్‌స్టాల్ స్క్రిప్టే లేదు, కాబట్టి స్క్రిప్టులు ఆపినా లాభం లేదు. కొత్త వెర్షన్‌ను ఒక రోజు ఆగి తీసుకున్న వాళ్లే సేఫ్. రెండో దాంట్లో మాత్రం స్క్రిప్ట్‌ను ఆపి ఉంటే కథ అక్కడే ముగిసేది.

పీఎన్‌పీఎంకు మార్కులు ఎందుకు?

2025 జనవరిలో వచ్చిన పీఎన్‌పీఎం 10.. డిపెండెన్సీల స్క్రిప్టులను తనంతట తాను రన్ చేయదు. అనుమతి ఇచ్చిన వాటికే ఛాన్స్. 10.16 వెర్షన్‌లో ‘మినిమమ్ రిలీజ్ ఏజ్’ సెట్టింగ్ కూడా వచ్చింది. అందులో 1440 నిమిషాలు అని పెడితే, రిలీజై ఒక రోజు కాని వెర్షన్ జోలికే వెళ్లదు. పైగా ప్రతి ప్యాకేజీని ఒకేచోట దాచి ప్రాజెక్టులకు లింక్ ఇస్తుంది కాబట్టి డిస్క్ కూడా బోలెడు ఆదా.

బన్ కూడా స్క్రిప్టుల విషయంలో జాగ్రత్తే. కాకపోతే కొన్ని పాపులర్ ప్యాకేజీలకు ముందే మినహాయింపు ఇస్తుంది. స్పీడ్‌లో దానికి తిరుగులేదు. యార్న్ 1 వాడుతున్నవాళ్లు మాత్రం ఇక మారాల్సిందే, దానికి కొత్త ఫీచర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఎన్‌పీఎం వదలలేమంటే ‘ఇగ్నోర్ స్క్రిప్ట్స్’ ఆన్ చేసుకోవచ్చు. అయితే నేటివ్ కోడ్ బిల్డ్ చేసుకునే కొన్ని ప్యాకేజీలు అప్పుడు మొరాయిస్తాయి.

మారేటప్పుడు ఇక్కడే చిక్కు

పాత ప్రాజెక్టును పీఎన్‌పీఎంలోకి తెస్తే తొలిరోజే ఎర్రర్లు రావొచ్చు. కంగారొద్దు. ప్యాకేజ్ జేసన్‌లో రాయకుండానే కోడ్‌లో వాడేసుకుంటున్న ప్యాకేజీలు అప్పుడు బయటపడతాయి. వాటి పేర్లు చేరిస్తే సరి. ‘పీఎన్‌పీఎం ఇంపోర్ట్’ కమాండ్‌తో పాత లాక్ ఫైల్‌లోని వెర్షన్లు అలాగే కొత్తదానిలోకి వస్తాయి. ఆ పని కాగానే పాత లాక్ ఫైల్ డిలీట్ చేయాలి. రెండూ ఉంచితే టీమ్‌లో ఒకరి సిస్టమ్‌లో ఒక వెర్షన్, సర్వర్‌లో ఇంకో వెర్షన్ దిగే ప్రమాదం ఉంది.